మాయ ఎక్కడుంది?

పొద్దున ఆరు గంటలు. మాదాపూర్‌లో అద్దాల మేడల ముందు ఆడవాళ్లు ఆటోలు దిగుతున్నారు. వీళ్లు ఆఫీసులు ఊడ్చేవాళ్లు. బాత్రూములు కడిగేవాళ్లు. క్యాంటీన్లలో కూరగాయలు కోసేవాళ్లు. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు వచ్చేసరికి వీళ్ల పని సగం అయిపోతుంది.

1998లో ఇక్కడ సైబర్ టవర్స్ తెరిచారు. అప్పుడు చుట్టూ గుట్టలు, బండరాళ్లు. ఇప్పుడు మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా, అక్కడి నుంచి కోకాపేట దాకా మేడలే. ఆ మేడలు కట్టినవాళ్లలో పాలమూరు వాళ్లున్నారు. శ్రీకాకుళం వాళ్లున్నారు. ఒడిశా వాళ్లున్నారు. కొందరు పని అయిపోయినా ఇక్కడే ఉండిపోయారు. సిద్దిఖ్‌నగర్‌లో, అంజయ్యనగర్‌లో, బోరబండలో ఒక్కొక్క గది కిరాయికి తీసుకున్నారు.

అట్లా ఉండిపోయిన ఒకామె ఉంది. వయసు 27. ఊరు నారాయణపేట దిక్కు. మొదటి కాన్పు నాలుగేళ్ల కింద అయింది. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఇప్పుడు మళ్లీ అయిదో నెల. స్కాన్ తీయించుకుని ఇంటికి వచ్చింది.

ఆశా అక్క అడిగింది. "స్కాన్‌ల ఏం చెప్పిన్రు చెల్లె?"

"బిడ్డ మంచిగున్నదన్నరక్కా."

"మాయ ఎక్కడుందన్నరు?"

ఆమెకు అర్థం కాలేదు. మాయ సంగతి ఎవరు అడుగుతారు? అందరూ బిడ్డ సంగతే అడుగుతారు. కొందరు ఆడా మగా అని గుసగుసగా అడుగుతారు. అది చెప్పకూడదని 1994లోనే చట్టం వచ్చింది. అడగకూడని మాట అడుగుతారు. అడగవలసిన మాట అడగరు.

మాయ అంటే ఏమిటి?

కాన్పు చూసిన ఆడవాళ్లందరికీ మాయ తెలుసు. బిడ్డ పుట్టాక వెనకాల పడేదే మాయ. కొందరు మావి అంటారు. డాక్టర్లు ప్లసెంటా అంటారు. చిన్న పళ్లెం అంత ఉంటుంది. బరువు అర కిలో దాకా ఉంటుంది.

పడేసేది కదా అని దాన్ని చిన్న చూపు చూస్తాం. కానీ కడుపులో ఉన్నన్ని రోజులూ బిడ్డకు తిండి, గాలి అన్నీ దాని నుంచే. తల్లి నెత్తురులో ఉన్న బలాన్ని మాయ తీసుకుంటుంది. బొడ్డు తాడు ద్వారా బిడ్డకు పంపుతుంది. అందుకే మాయ గర్భసంచి గోడకు అతుక్కుని ఉంటుంది. నెలలు నిండేసరికి గర్భసంచికి ఒక నిమిషంలో అర లీటరుకు పైగా నెత్తురు వస్తూ పోతూ ఉంటుంది. మనిషి ఒంట్లో ఉండే నెత్తురు మొత్తం అయిదు లీటర్ల దాకానే. ఈ లెక్క గుర్తుంచుకోవాలి. మాయ దగ్గర నెత్తురు పోవడం మొదలైతే ఎంత తొందరగా ప్రాణం మీదికి వస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మాయ మామూలుగా గర్భసంచి పై భాగంలో అతుక్కుంటుంది. ముందు గోడకైనా, వెనక గోడకైనా పరవాలేదు. పైన ఉంటే చాలు. బిడ్డ కింది నుంచి బయటికి వస్తుంది. తర్వాత గర్భసంచి ముడుచుకుంటుంది. మాయ ఊడి, అరగంట లోపల పడిపోతుంది.

కొందరిలో మాయ కిందికి అతుక్కుంటుంది. గర్భసంచి మూతికి దగ్గరగా గాని, మూతి మీదనే గాని ఉంటుంది. అంటే బిడ్డ బయటికి వచ్చే తలుపుకు మాయ అడ్డంగా ఉందన్న మాట. నెలలు నిండేకొద్దీ గర్భసంచి కింది భాగం సాగుతుంది. అప్పుడు మాయ అంచు కొంచెం లేస్తుంది. లేచిన చోట నెత్తురు పోతుంది. నెలలు నిండిన తల్లుల్లో దాదాపు 200 మందిలో ఒకరికి ఇట్లా ఉంటుంది.

పిడక, గోడ పెచ్చు

ఇంకొక కష్టం ఉంది. అది ఇంతకంటే పెద్దది. దాన్ని పిడకతో పోల్చి చెప్పుకోవచ్చు.

గోడకు పిడకలు కొడతాం. ఎండినాక వేలు పెట్టి లాగితే పిడక పెటుక్కున ఊడి వస్తుంది. గోడకు ఏమీ కాదు. కానీ గోడకు పగులు ఉందనుకోండి. పేడ ఆ పగుల్లోకి పోతుంది. అక్కడే ఎండుతుంది. అప్పుడు పిడకను లాగితే గోడ పెచ్చుతో సహా వస్తుంది. లేదా సగం పిడక గోడలోనే ఉండిపోతుంది.

గర్భసంచి గోడకు లోపల ఒక మెత్తటి పొర ఉంటుంది. మాయ ఆ పొరకే అతుక్కోవాలి. అంతకంటే లోపలికి పోకూడదు. ఎక్కడైనా కోత పడితే, గోకితే, అక్కడ ఆ పొర పాడవుతుంది. ఆ మచ్చ మీద మాయ పడితే వేళ్లు లోపలి కండలోకి దిగుతాయి. కొన్నిసార్లు గర్భసంచి దాటి పక్కనున్న మూత్రపు సంచి దాకా పోతాయి. కాన్పు తర్వాత ఆ మాయ ఊడదు. బలవంతంగా లాగితే నెత్తురు నల్లా విప్పినట్టు పోతుంది.

దీన్ని డాక్టర్లు అక్రీటా అంటారు. కిందికి ఉన్న మాయను ప్రీవియా అంటారు. ఈ రెండు మాటలూ నేర్చుకుంటే మంచిది. స్కాన్ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. చదవడం రాకపోతే చదివిన వాళ్లను పట్టుకుని ఈ మాటలున్నాయా అని అడగవచ్చు. 'లో లైయింగ్' అని ఉంటే మాయ కిందికి ఉందని అర్థం. 'ఫండల్' అంటే పైన ఉందని. 'యాంటీరియర్' అంటే ముందు గోడకు, 'పోస్టీరియర్' అంటే వెనక గోడకు. అంకెలు మాత్రం ఏ భాషలోనైనా అవే అంకెలు. గర్భసంచి మూతికి మాయకు మధ్య ఎంత దూరం ఉందో కొన్ని కాగితాల్లో రాస్తారు. అది 20 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే మాయ కిందికి ఉన్నట్టే.

అయిదో నెలలో మాయ కిందికి ఉందని చెప్పగానే బెంబేలు పడనక్కరలేదు. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి మాయ పైకి పోతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి సర్దుకుంటుంది. అయితే సర్దుకుందో లేదో తెలియాలంటే ఎనిమిదో నెలలో మళ్లీ స్కాన్ తీయించాలి. అదే చాలామంది తీయించరు. ఒకసారి తీశారు కదా అనుకుంటారు.

ఎవరికి వచ్చే వీలు ఎక్కువ?

ఎవరికైనా రావచ్చు. కానీ కొందరికి వీలు ఎక్కువ. అందరికంటే ముందు చెప్పవలసింది ఇంతకు ముందు ఆపరేషన్ కాన్పు అయినవాళ్ల గురించి.

ఆపరేషన్ కోత గర్భసంచి ముందు వైపు, కింది భాగంలో పడుతుంది. తర్వాతి గర్భంలో మాయ కూడా ముందు వైపు కిందికి వస్తే సరిగ్గా మచ్చ మీదికి వస్తుంది. అమెరికాలో ఆపరేషన్ కాన్పు అయిన 30,000 మంది తల్లులను పరిశీలించారు. 2006లో ఆ లెక్కలు అచ్చయ్యాయి. మాయ మూతి మీద ఉన్నవాళ్లను మాత్రమే తీసుకుంటే లెక్క ఇట్లా ఉంది. పాత ఆపరేషన్ ఏదీ లేనివాళ్లలో నూటికి 3 మందికి మాయ లోపలికి దిగింది. ఒక ఆపరేషన్ అయినవాళ్లలో నూటికి 11 మందికి. రెండు అయినవాళ్లలో 40 మందికి. మూడు అయినవాళ్లలో 61 మందికి. కోత పెరిగేకొద్దీ ఎట్లా ఎగబాకుతుందో చూడండి.

ఇప్పుడు మన రాష్ట్రం లెక్క చూడాలి. 2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో 100 కాన్పుల్లో దాదాపు 61 ఆపరేషన్లే అని తేలింది. దేశం మొత్తం మీద 100కు 21 లేక 22. అన్ని రాష్ట్రాల కంటే మనమే ముందున్నాం. ప్రైవేటు ఆసుపత్రుల్లో 100కు 81 పైన. సర్కారు ఆసుపత్రుల్లో 44 పైన. జనాభా మొత్తం మీద 100కు 10 దాటాక ఆపరేషన్లు పెంచినా తల్లీబిడ్డల చావులు ఇంకా తగ్గినట్టు కనపడలేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

బిడ్డ అడ్డం తిరిగితే, తల్లికి గుర్రపు వాతం వస్తే, మాయ మూతికి అడ్డం ఉంటే ఆపరేషనే ప్రాణం కాపాడుతుంది. అందులో అనుమానం లేదు. కానీ పంచాంగం చూసి, మంచి ముహూర్తానికి బిడ్డ పుట్టాలని కడుపు కోయించుకునేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు. నొప్పులు పడలేమని కోయమనేవాళ్లున్నారు. తొందరగా తేలిపోతుందని కోసే డాక్టర్లూ ఉన్నారు. ముహూర్తం బిడ్డకు ఏం చేస్తుందో గాని, మచ్చ మాత్రం తల్లికి మిగులుతుంది. మామూలు కాన్పులు పెంచడానికి 2017లో తెలంగాణలో నర్సులకు మిడ్‌వైఫ్ చదువు చెప్పించడం మొదలుపెట్టారు. నొప్పులు వచ్చినప్పుడు వాళ్లు పక్కనే ఉండి ధైర్యం చెబుతారు. నడిపిస్తారు. ఊపిరి ఎట్లా తీయాలో చూపిస్తారు.

ఇక మిగతావి. గర్భం పోయినప్పుడు లోపల గోకి కడిగించుకున్నవాళ్లకు కూడా ఈ కష్టం వచ్చే వీలు ఎక్కువ. మందుల దుకాణంలో గోలీలు కొని మింగి, సగంలో ఆగి, తర్వాత కడిగించుకునేవాళ్లు బస్తీల్లో చాలామంది. వాళ్లు ఆ సంగతి డాక్టరుకు దాచకూడదు. వయసు 35 దాటినవాళ్లు, నాలుగైదు కాన్పులు అయినవాళ్లు, కవల పిల్లలు ఉన్నవాళ్లు, ముందు గర్భంలో మాయ కిందికి ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి. పొగ తాగినా అంతే. ఆడవాళ్లు పొగ తాగుతారా అంటే, తాగుతారు. శ్రీకాకుళం దిక్కు కొందరు ఆడవాళ్లు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. మన దిక్కు చుట్టలు, బీడీలు తాగే అవ్వలు తెలియనివారా!

కొండాపూర్‌లో, మాదాపూర్‌లో పిల్లలు కలగడానికి వైద్యం చేసే ఆసుపత్రులు చాలా ఉన్నాయి. బయట పిండం చేసి కడుపులో పెడతారు. అట్లా గర్భం వచ్చినవాళ్లకు, గర్భసంచిలో గడ్డలు కోయించుకున్నవాళ్లకు కూడా మాయ కష్టాలు ఎక్కువ. కాబట్టి ఇది బీదవాళ్ల జబ్బు కాదు, గొప్పవాళ్ల జబ్బు కాదు. ఎనిమిదో అంతస్తులో కంప్యూటర్ ముందున్న మేడం గర్భిణి అయితే, నేల తుడిచే అక్క కూడా ఆమెను అడగవచ్చు. "మేడం, మాయ పైనున్నదా?" అని. మేడం ఆశ్చర్యపడితే పడనీ.

నొప్పి లేని నెత్తురు

ఆశా అక్క అడిగిన ఆమె మళ్లీ పోయి డాక్టరును అడిగింది. మాయ కిందికి ఉంది. ముందు గోడకు ఉంది. ఎనిమిదో నెలలో మళ్లీ స్కాన్ తీశారు. మాయ పైకి పోలేదు. పాత కోత మీదనే ఉంది.

ఊరి నుంచి తల్లి వచ్చింది. కాన్పుకు బిడ్డను తీసుకుపోవాలని వచ్చింది. సద్ది గట్టుకుని, బస్సు టైం అడిగి వచ్చింది.

"మొదటి కాన్పు ఈడ్నే జేయించుకుంటివి. గిప్పుడన్న తల్లిగారింటికి రావా బిడ్డా? నలుగురు ఏమనుకుంటరు?" అంది తల్లి.

ఆశా అక్క కూర్చుని నిదానంగా చెప్పింది. "పెద్దమ్మా, నీ బిడ్డకు నెత్తురు పోవుడు మొదలైతే గంటలు ఉండవు, నిమిషాలే ఉంటయి. మీ ఊర్ల నుంచి నెత్తురు బాటిళ్లుండే దవాఖానకు ఎంతసేపు?"

తల్లి లెక్క వేసుకుంది. ఊరి నుంచి రోడ్డుకు ఆటో. రోడ్డు నుంచి టౌనుకు బస్సు. ఆమె ఇంకేం అనలేదు. సద్ది మూట విప్పి, కూతురి గదిలోనే ఉండిపోయింది.

మాయ కిందికి ఉన్న తల్లికి వచ్చే నెత్తురు ఎర్రగా ఉంటుంది. ఒక్కసారిగా వస్తుంది. నొప్పి ఉండదు. ఇక్కడే ఆడవాళ్లు మోసపోతారు. నొప్పి లేదు కదా, పొద్దున చూద్దాం అనుకుంటారు. మొదటిసారి కొంచెం వచ్చి ఆగిపోవచ్చు కూడా. రెండోసారి ఆగకపోవచ్చు. ఏ నెలలోనైనా సరే, మచ్చంత నెత్తురు కనపడినా ఆ పూటే దవాఖానకు పోవాలి.

నొప్పితో వచ్చే నెత్తురు వేరే ఉంది. మాయ పైననే ఉంటుంది, కానీ కాన్పుకు ముందే ఊడిపోతుంది. బీపీ ఎక్కువ ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, కడుపు మీద దెబ్బ తగిలినవాళ్లకు ఇది వస్తుంది. దెబ్బ అంటే కింద పడడమే కాదు. తాగి వచ్చి తన్నే మొగుళ్లూ ఉన్నారు. కడుపు బండలాగా గట్టిపడుతుంది. విడవకుండా నొస్తుంది. నెత్తురు లోపలే నిలిచిపోయి బయటికి కొంచెమే కనపడవచ్చు. ఇదీ ప్రాణం మీదికి వచ్చేదే.

నెత్తురు కనపడితే 108కి ఫోన్ చేయాలి. తల్లిని ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. మంత్రసాని గాని, ఇంకెవరు గాని లోపల చెయ్యి పెట్టి చూడకూడదు. చెయ్యి తగిలితే మాయ ఇంకా చిరిగి, నెత్తురు వరదలా వస్తుంది. లోపల గుడ్డలు కుక్కకూడదు. తడిసిన గుడ్డను పారేయకుండా వెంట తీసుకుపోవాలి. ఎంత పోయిందో డాక్టరుకు తెలుస్తుంది. స్కాన్ కాగితాలు, పాత ఆపరేషన్ చీటీ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముందే తలుపు దగ్గర ఉంచుకోవాలి. సాయంత్రం ఆరు గంటలకు మైండ్‌స్పేస్ దగ్గర బండ్లు కదలవు. హైటెక్ సిటీలో ఉండేవాళ్లకు ఇది చెప్పనక్కరలేదు. అందుకే ఏ దారిన పోవాలో ముందే అనుకోవాలి.

మాయ కిందికి ఉన్నదని తెలిసినప్పటి నుంచి బరువులు మోయకూడదు. డాక్టరు సరే అనేదాకా మొగనితో కలవకూడదు. ఈ మాట మొగనికి ఎవరు చెబుతారు? ఆమెకు సిగ్గయింది. ఆశా అక్కే చెప్పింది.

నెత్తురు ఎవరిస్తారు?

దవాఖానలో ముందు అడిగేది నెత్తురు గ్రూపు. తర్వాత అడిగేది నెత్తురు ఇచ్చే మనుషులున్నారా అని. గర్భిణికి నెత్తురు శాతం 11 ఉండాలి. 2019-21 సర్వేలో తెలంగాణ గర్భిణుల్లో సగం మందికి పైగా నెత్తురు తక్కువ ఉన్నట్టు తేలింది. తక్కువ ఉన్న ఒంట్లో నుంచి కొంచెం పోయినా మనిషి తట్టుకోదు. ఐరన్ గోలీలు మింగితే మలం నల్లగా వస్తుందని, వికారమని పారేస్తారు. నల్లగా వస్తే తప్పేం లేదు. రాత్రి తిన్నాక మింగితే వికారం తగ్గుతుంది. చాయతో మాత్రం మింగకూడదు.

ఆమె మరిది నెత్తురిస్తే నీరసం వస్తుందని భయపడ్డాడు. ఒకసారి తీసేది 350 మిల్లీలీటర్లే. 18 ఏళ్లు నిండి, 45 కిలోలు ఉండి, జబ్బులు లేని మనిషి ఇవ్వవచ్చు. మగవాళ్లు మూడు నెలలకొకసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకొకసారి ఇవ్వవచ్చు. ఆమె పనిచేసే మేడలో సెక్యూరిటీ గార్డు ఒకాయన ఇస్తానన్నాడు. కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలు ఇద్దరు పేర్లు రాయించారు. వాళ్లను చూసి మరిది కూడా రాయించాడు.

ఇట్లాంటి కాన్పు చిన్న నర్సింగ్‌హోంలో చేయించకూడదు. నెత్తురు నిలువ, మత్తు డాక్టరు, పసిబిడ్డల వార్డు అన్నీ ఉన్నచోటే చేయించాలి. హైదరాబాద్‌లో పేట్లబుర్జు, సుల్తాన్‌బజార్ ప్రసూతి దవాఖానలు, నీలోఫర్, గాంధీ ఉన్నాయి. ప్రతి నెల 9వ తేదీన సర్కారు దవాఖానల్లో గర్భిణులకు డాక్టర్లు ఉచితంగా పరీక్షలు చేస్తారు. 2016లో ఇది మొదలైంది. ఆ రోజు పోతే ఎక్కడ కాన్పు చేయించాలో అడిగి తెలుసుకోవచ్చు.

మాయ మూతి మీద ఉంటే నొప్పులు వచ్చేదాకా ఆగరు. 36, 37 వారాలకు ఆపరేషన్ చేస్తారు. లోపలికి దిగిందని అనుమానం ఉంటే 34, 36 వారాల మధ్యనే చేస్తారు. బిడ్డను తీసి, మాయను లాగకుండా అట్లాగే ఉంచి, చాలాసార్లు గర్భసంచితో సహా తీసేస్తారు. ఇంటివాళ్లకు ఇది ముందే చెబుతారు. సంతకం అడుగుతారు.

ఆమెకు 34 వారాలు నిండిన రాత్రి నెత్తురు కనపడింది. నొప్పి లేదు. తల్లి నిద్ర లేచింది. 108 వచ్చింది. పెద్ద దవాఖానలో ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. మాయ కోతలోకి దిగి ఉంది. నాలుగు సంచుల నెత్తురు ఎక్కించారు. గర్భసంచి తీసేశారు. ఆడపిల్ల. రెండు కిలోలకు కొంచెం పైన ఉంది. పది రోజులు పసిబిడ్డల వార్డులో ఉంచారు.

ఇంటికి వచ్చాక బస్తీలో ఒకామె పలకరించడానికి వచ్చి, "అయ్యో, గర్భసంచి తీసేసిన్రట గదా" అంది. తల్లికి కోపం వచ్చింది. "నా బిడ్డ కూసుండి అన్నం తింటున్నది, కనవడ్తలేదా?" అంది.

దవాఖాన చీటీ కవర్లోనే ఉంది. అందులో పేరు, తేదీ, నెత్తురు గ్రూపు రాసి ఉన్నాయి. కుట్లు చూపించడానికి మళ్లీ రమ్మన్న తేదీ కూడా ఉంది. ఆమె అంకెల మీద వేలు పెట్టి చదివింది. తల్లిని గోడ మీది క్యాలెండరు దింపమంది. ఆ తేదీ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది.